ఇంటిలోని నెట్టు పెట్టె: చోటు, తాళము



ఈ పుటలో గ్యాసు గొట్టము మార్చుట గురించి, బోరు మోటారు స్టార్టరు గురించి వ్రాసినప్పుడు "ఇవన్నీ మాకు తెలిసినవే గదా అయ్యగారూ" అని నవ్విన పెద్దలే ఈ మధ్య మమ్ములను ఒక ప్రశ్న అడుగుచున్నారు. "ఇంట్లో నెట్టు పెట్టె పెట్టించుకున్నామండి. ఫోనులో గుర్తు నిండుగా చూపిస్తున్నది. అయినా ఏదీ తెరుచుకోవడం లేదు. ఎందుకంటారు?" ఈ నెల ఆ ప్రశ్నకే జవాబు. మేము ఇంజనీరులము కాము. అయితే ఆ పెట్టెను తప్పుగా పెట్టుకొని, దాని వలన ఒక పిల్లవాని చదువునకే అడ్డుపడబోయిన వారము గనుక మా అనుభవము కొందరికైనా పనికివచ్చునని వ్రాయుచున్నాము.

మా గ్రామము వినుకొండకు సమీపమున ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబరు తీగ ద్వారా ఇంటింటికి నెట్టు ఇచ్చే ప్రభుత్వ పథకమును 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. ఆ తీగ అనేక గ్రామములకు చేరినది గాని మా వీధికి రాలేదు. తీగ రాని చోట మిగిలిన దారి గాలి దారి, అనగా వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండు. ఇందులో రెండు రకములున్నవి. ఒకటి, ఫోనులో వేసినట్లే సిమ్ కార్డు వేసుకొనే మోడెము. రెండవది, డాబా మీద బయట ఒక పెట్టె బిగించి దాని నుండి తీగ లోపలికి దింపేది. దీనిని 2023 నుండి ఎయిర్‌ఫైబర్ అను పేరుతో ఇచ్చుచున్నారు. రెండవదానిని కంపెనీవారే వచ్చి బిగిస్తారు గనుక మనము చేయవలసినది తక్కువ. మొదటిది మనమే పెట్టుకోవాలి. మా ఇంట్లోనిది మొదటి రకము. 2023 వేసవిలో మా పెద్దమ్మాయి చదువు కొరకు, సంఘపు కాగితముల పని కొరకు కొన్నాము.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకొంటే సగము తికమక తీరిపోవును. ఈ పెట్టె రెండు పనులు చేయుచున్నది. ఊరి బయట ఉన్న సెల్ టవరు నుండి నెట్టును అందుకొనుట ఒకటి; అందుకొన్నదానిని వైఫైగా మార్చి ఇంట్లోని ఫోనులకు పంచుట రెండవది. మన ఫోను మీద విసనకర్ర ఆకారములో కనిపించే గుర్తు రెండవ పనికి సంబంధించినది మాత్రమే. పెట్టెకును ఫోనుకును మధ్య మాట బాగున్నదని అది చెప్పును. పెట్టెకును టవరుకును మధ్య ఏమి జరుగుచున్నదో దానికి తెలియదు. బోరులో నీళ్లు అడుగంటినప్పుడు ఇంట్లో కుళాయిలు ఎంత కొత్తవైతే మాత్రము ఏమి లాభము? గనుక "గుర్తు నిండుగా ఉన్నది, నెట్టు లేదు" అన్నవారు కుళాయిని చూచి బోరు సంగతి చెప్పుచున్నారన్నమాట.

ఇప్పుడు పని మొదలుపెట్టుదము. కరెంటు ఇవ్వకముందే సిమ్ వేయండి. నేటి సిమ్‌లు చిన్న ముక్కలుగా వచ్చుచున్నవి; కొన్ని మోడెములలోని గాడి అంతకంటె పెద్దది. అట్టివాటికి సిమ్‌తో వచ్చిన ప్లాస్టిక్కు చట్రము కావాలి గనుక దానిని పారవేయవద్దు. ఆ సిమ్‌కు పిన్ అడిగే తాళము ఉంటే ముందు ఏదైనా ఫోనులో వేసి తీసివేయండి. తరువాత మోడెముతో వచ్చిన అడాప్టరునే పెట్టండి. టీవీ పెట్టె అడాప్టరు మొన సరిగ్గా పట్టినంత మాత్రాన అది సరిపోదు. కొన్ని 12 వోల్టులు, కొన్ని 9, కొన్ని 5. ఆ అంకె అడాప్టరు మీదను, మోడెము అడుగునను వ్రాసియుండును. రెండూ ఒకటే కావాలి. మాకు తెలిసిన ఒక ఇంటిలో 9 వోల్టుల పెట్టెకు 12 వోల్టుల అడాప్టరు పెట్టి, కొన్న వారమునకే దానిని పనికిరాకుండా చేసుకొన్నారు.

కరెంటు ఇచ్చిన తరువాత రెండు మూడు నిమిషములు ఓపిక పట్టండి. దీపములన్నీ నిలకడగా వెలిగిన పిమ్మట పెట్టెను తిరగేసి అడుగున అంటించిన చీటీ చూడండి. ఆ చీటీయే మనకు ఆధారము. వైఫై పేరు, దాని పాస్‌వర్డు, 192.168.1.1 వంటి ఒక అంకె (కొన్నింటికి 192.168.0.1) అందులో ఉండును. ఫోనులో వైఫై పెట్టి, ఆ పేరు నొక్కి, పాస్‌వర్డు కొట్టండి. ఈ సమయములో ఫోనులోని మొబైల్ డేటా ఆపివేయుట మరువవద్దు. మోడెములో ఇంకా నెట్టు లేదని కనిపెట్టి ఫోను తనంతట తాను సొంత సిమ్‌కు మారిపోవును. మనము మోడెముతో మాట్లాడుచున్నామనుకొని గాలితో మాట్లాడుచుందుము. మేము ఈ ఒక్క కారణము చేత ఒక సాయంత్రమంతా పోగొట్టుకొన్నాము.

తరువాత ఆ అంకెను బ్రౌజరులో పైన చిరునామా వ్రాసే గడిలో కొట్టాలి. అప్పుడు మోడెము తన సొంత పుట తెరచును. అది బయట ఎక్కడినుండో వచ్చునది కాదు, ఆ పెట్టెలోనిదే; నెట్టు లేకపోయినా తెరుచుకొనును. లోపలికి పోవుటకు మరొక పాస్‌వర్డు అడుగును. ఇది వైఫై పాస్‌వర్డు కాదు. ఈ తేడా గురించి మరల వ్రాస్తాము.

లోపల ఎ.పి.ఎన్. అనే గడి ఒకటుండును. ఏ కంపెనీ వాకిలిగుండా బయటికి పోవాలో చెప్పే పేరు అది. చాలావరకు సిమ్‌ను చూచి మోడెమే నింపుకొనును. నింపకపోతే జియో సిమ్‌కు జియోనెట్ అనియు, బి.ఎస్.ఎన్.ఎల్. సిమ్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్ అనియు ఇంగ్లీషు చిన్న అక్షరములలో, మధ్య ఖాళీ లేకుండా కొట్టండి. సిగ్నలు ఉండి కూడా నెట్టు రాని మోడెములలో ఈ గడి తప్పుగా ఉండుట మేము రెండు మూడు ఇండ్లలో చూశాము.

ఇక చోటు. దీనికే మేము ఎక్కువ కష్టపడ్డాము, దీనిలోనే ఎక్కువ నేర్చుకొన్నాము.

మోడెము అమ్మిన దుకాణపు అబ్బాయి వచ్చి దానిని ముందు గదిలో, టీవీ పక్కన, బీరువా మీద పెట్టి వెళ్లినాడు. చూచుటకు అందముగానే ఉన్నది. ముందు వరండాకు ఇనుప రేకులు. టవరు మాకు పడమట దిక్కున, చిన్న గుట్టకు అవతల ఉన్నది. బీరువా పడమటి గోడకే ఉన్నది. అనగా టవరు నుండి వచ్చే తరంగములకు ముందు గుట్ట, తరువాత రేకులు, తరువాత బీరువా! ఇనుము తరంగములను తనగుండా పోనివ్వదు. నీరు వాటిని పీల్చుకొనును గనుక నీళ్ల ట్యాంకు వెనుక పెట్టినా అంతే. ఇనుప ఊచలున్న స్లాబు కొంత ఆపును. మట్టి గోడ, ఇటుక గోడ కొంత దయగలవి.

మోడెము పుటలో ఆర్.ఎస్.ఆర్.పి. అనే మాట ఎదుట మైనస్ గుర్తుతో ఒక అంకె ఉండును. టవరు మాట పెట్టెకు ఎంత గట్టిగా వినబడుచున్నదో చెప్పే కొలత అది. మా బీరువా మీద మైనస్ 108 చూపినది. ఎక్కువ అంకె గనుక మంచిదేమోనని మేము సంతోషించాము. మా సతీమణి లెక్కల టీచరు కుమార్తె. "మైనస్ అంటే అప్పు కదండీ. నూట ఎనిమిది అప్పు ఉంటే సంతోషమేమిటి?" అన్నది. ఆ మాటతో మాకు అంతా అర్థమైనది. అప్పు తగ్గినకొలది మేలు. మైనస్ 80 గాని అంతకంటె తక్కువ అప్పు గాని ఉంటే చాలా బాగున్నట్లు. మైనస్ 100 వరకు ఫరవాలేదు. 110 దాటితే ఈడ్చుకొనుచు నడుచును. ఇంకొక సంగతి, ఈ కొలతలో పది తగ్గితే పది రెట్లు బలము పెరిగినట్లు లెక్క.

ఆ శనివారము మధ్యాహ్నము పొడవాటి ఎక్స్‌టెన్షను తీగ తెచ్చి, మోడెమును చంటిబిడ్డవలె చేతులలో పట్టుకొని గది గదికి తిరిగాము. ఒక చోట పెట్టుట, రెండు నిమిషములు ఆగుట, అంకె వ్రాసుకొనుట. వంటగది కిటికీలో 104. పడక గదిలో 106. వెనుక వసారాలో 101. చివరకు మేడ మీద మెట్ల గదిలో, పడమటి కిటికీ గట్టు మీద పెట్టినప్పుడు 93! నూట ఎనిమిది నుండి తొంబది మూడుకు, అనగా పదిహేను అప్పు తీరినది. లెక్క కట్టితే బలము రమారమి ముప్పది రెట్లు. వేగము చూస్తే సెకనుకు నాలుగు మెగాబిట్ల నుండి ఇరువది రెండుకు పెరిగినది. పైసా ఖర్చు లేదు.

వేగము సంగతి వచ్చినది గనుక ఒక మాట. కంపెనీలు చెప్పేది మెగాబిట్లు, మనము దింపుకొనే పాటల, ఫొటోల బరువు మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఇరువది రెండు మెగాబిట్లు అంటే సెకనుకు మూడు మెగాబైట్లు కూడ కాదు. ఇది మోసము కాదు. గజములకు అడుగులకు ఉన్న తేడా వంటిది. మన ప్రభుత్వము 2004లో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు దానిని బ్రాడ్‌బ్యాండు అనవచ్చునన్నది. 2023 జనవరిలో ఆ కనీస హద్దును 2 మెగాబిట్లు చేసినది.

మెట్ల గది నుండి కింది గదులకు వైఫై అందునా అని కొందరు అడుగవచ్చును. అందుచున్నది. ఎందుకనగా టవరు ఎక్కడనో ఉన్నది, మన గది పది అడుగుల కిందనే ఉన్నది. దూరపువానికి చెవి దగ్గర చేయుట ముఖ్యము. వైఫైలో కూడ 2.4, 5 అని రెండు రకములున్నవి. 2.4 గోడలు దాటిపోవును, పాత ఫోనులకు కూడ దొరుకును. 5 చాలా వేగము గాని గోడ అడ్డమైతే నీరసించును. మనవంటి ఇండ్లకు రెండూ తెరిచి ఉంచుట మేలు. ఈ వైఫై తరంగములలో 2.4 రకమునకు 2005లోనే ప్రభుత్వము లైసెన్సు అక్కరలేదన్నది గనుక ఇంట్లో వైఫై పెట్టుకొనుటకు ఎవరి అనుమతియు అడుగనక్కరలేదు.

ఇంతవరకు బాగానే ఉన్నది. చోటు కొరకు ఒక దినమంతా కష్టపడిన మేము పది నిమిషముల పని ఒకటి చేయలేదు.

దుకాణపు అబ్బాయి వెళ్లుచు పాస్‌వర్డును ఒకటి నుండి ఎనిమిది వరకు అంకెలుగా మార్చి, "తేలికగా గుర్తుంటుందండి" అన్నాడు. నిజమే, ఊరంతటికి గుర్తున్నది! మందిరము పక్కన పాస్టరు ఇల్లు. పాటల సాధనకు వచ్చినవారు అడిగితే చెప్పాము. మా బావమరిది వచ్చి తన స్నేహితులకు చెప్పినాడు. పాల కేంద్రము దగ్గర కుర్రవాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు. చెప్పుటలో మాకు కొంత గర్వము కూడ ఉన్నదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము. అయ్యగారింట్లో నెట్టు ధారాళముగా ఉన్నదను పేరు వినుటకు బాగుండెను.

ఆ యేడు వర్షాకాలములో మా సంఘములోని ఒక విధవరాలి కుమారుడు ఇంజనీరింగు సీటు కొరకు కళాశాలల పేర్లు వరుసగా పెట్టుకొనవలసి వచ్చినది. వెబ్ ఆప్షన్లు అని మీకందరికి తెలిసినదే. తల్లి మిరప చేలలో కూలికి పోవును. ఇంట్లో ఉన్నది ఒక్క పాత ఫోను. దాని తెర పగిలి సగము కనిపించదు. "రేపు చివరి దినమండి, మీ ఇంట్లో కంప్యూటరు మీద పెట్టుకుంటానండి" అని ముందు రోజే అడిగినాడు. తప్పక రమ్మన్నాము.

వచ్చినాడు. కంప్యూటరు తెరిచాము. పుట తెల్లగా నిలిచిపోయినది. విసనకర్ర గుర్తు నిండుగానే ఉన్నది. మోడెము ఆపి వేశాము. మరల ఆపి వేశాము. గంట గడిచినది. అబ్బాయి ఏమియు అనలేదు, చేతిలోని కాగితమును మడుచుచు విప్పుచు కూర్చున్నాడు. ఏ కళాశాల ముందు, ఏది వెనుక అని వారమంతా ఆలోచించి వ్రాసుకొన్న కాగితమది.

సండేస్కూలులో పాఠములు చెప్పే ఒక సోదరి డిగ్రీలో కంప్యూటరు చదివినది. కబురు పంపితే వచ్చి, మోడెము పుట తెరచి, మేము ఎన్నడు నొక్కని ఒక గుర్తు నొక్కినది. ఉత్తరముల పెట్టె! మోడెములోని సిమ్‌కు వచ్చే సందేశములన్నీ అక్కడే పడియున్నవి. నెలకు ఇచ్చే 100 జీబీలో సగము అయిపోయినదని ఒకటి, కొంచెమే మిగిలినదని ఒకటి, మొత్తము అయిపోయినది, ఇకమీదట సెకనుకు 64 కిలోబిట్లు మాత్రమే వచ్చునని ఒకటి. కంపెనీవారు హెచ్చరించుచునే ఉన్నారు. ఆ హెచ్చరికలు పెట్టెలోనికి పోయినవి, మేము పెట్టె తెరువలేదు. సెకనుకు 64 కిలోబిట్లు అంటే రెండు మెగాబైట్ల పుట ఒకటి తెరుచుకొనుటకు నాలుగు నిమిషములు పైన. ఈ లోపల అవతలివాడు విసిగి తలుపు మూసివేయును.

ఆనాటికి నెలలో పందొమ్మిదవ తేదీ. నలుగురమున్న ఇంట్లో పందొమ్మిది దినములకు 100 జీబీ!

నరసరావుపేటలో ఉన్న ఒక సంఘస్థునికి ఫోను చేసి, అదనపు డేటా వేయించాము. ఆరు జీబీ పడినది. పుట తెరుచుకొన్నది. అబ్బాయి నాలుగు కళాశాలలు పెట్టునప్పటికి మరల నిలిచిపోయినది. ఆరు జీబీ గంట లోపల ఆవిరి. మాకు కోపము వచ్చినది. ప్రహరీ గోడ మీద ఫోనులు పట్టుకొని కూర్చున్న కుర్రవాళ్లను గదమాయించుటకు లేచాము. "ఆగండి అయ్యగారూ, ముందు ఎవరెవరున్నారో చూద్దాము" అన్నది ఆ సోదరి.

మోడెము పుటలో, దానికి తగులుకొన్న ఫోనుల పట్టిక ఉండును. తెరిచితే పదునేడు. మా ఇంట్లోవి నాలుగు. మిగిలిన పదమూడింటి పేర్లు చదువుచుంటే ఒక్కొక్కరి ముఖము కనబడినది. ఆ నల్ల ఫోను కోశాధికారిగారిది. ఇది పాటల బృందములో తబలా అబ్బాయిది. ఇది మా ఎదురింటి అత్తగారిది. ఆమె ఆ సమయమునకు పొలములో ఉన్నది, ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉన్నది! గోడ మీద ఉన్న కుర్రవాళ్లవి మూడే, వారు క్రికెట్టు స్కోరు చూచుచున్నారు.

మరి ఆరు జీబీ ఎవరు త్రాగినారు? చాలావరకు ఎవరూ చూడని ఫోనులే. ఇది పాఠకులు ముఖ్యముగా గమనించవలెను. ఫోనుకు సొంత సిమ్ నెట్టు అంటే ఖరీదైనది, వైఫై అంటే ఖర్చు లేనిది అని ముందే నేర్పియుందురు. గనుక వైఫై దొరికిన వెంటనే అది యాపులను కొత్తవిగా మార్చుకొనును, ఫొటోలను వీడియోలను దూరపు నిల్వకు పంపును, వాట్సాపులో వచ్చినవన్నీ దింపును. నెమ్మది నెట్టులో పదిరోజులుగా ఆగియున్న పనులన్నీ, మేము డేటా వేయించిన నిమిషముననే పదునేడు ఫోనులలో ఒక్కసారిగా లేచినవి. ఎండిన కాలువకు నీరు వదిలితే ముందు పగుళ్లే త్రాగును. హెచ్.డి. వీడియో చూచినవారు లేరని మేము అనుట లేదు. గంటసేపు చూస్తే ఒకటిన్నర నుండి మూడు జీబీ వరకు పోవును. కాని ఆనాడు మేము అనుమానించినవారిలో ఎక్కువమంది ఫోను ముట్టనైన ముట్టలేదు.

ఆ సోదరి అక్కడికక్కడే పాస్‌వర్డు మార్చినది. పదునేడు ఫోనులు ఊడిపోయినవి. ఇంకొకసారి డేటా వేయించి, ఒక్క కంప్యూటరునే తగిలించి, రాత్రి ఎనిమిది గంటలకు ఆ కాగితములోని పేర్లన్నీ వరుసగా పెట్టించినది. తల్లి అప్పటివరకు మెట్ల మీదనే కూర్చున్నది. మా సతీమణి అన్నము పెడితే, పని అయిన తరువాతనే తింటానన్నది.

ఆ రాత్రి నేర్చుకొన్న తాళముల సంగతి వ్రాస్తాము. ఈ పెట్టెకు రెండు తాళములు. వైఫై పాస్‌వర్డు వీధి గేటు వంటిది, మోడెము పుట పాస్‌వర్డు బీరువా వంటిది. గేటు తాళము అతిథులకు ఇయ్యవచ్చును, బీరువా తాళము ఇయ్యరాదు. పుటకు తయారీదారులు పెట్టిన పేరు, పాస్‌వర్డు రెండూ అడ్మిన్ అనే మాటగానే చాలా పాత పెట్టెలలో ఉండును, అది లోకమంతటికి తెలుసు. ముందు దానిని మార్చండి. మార్చకుంటే వైఫైలోనికి వచ్చిన ఏ కుర్రవాడైనను లోపల జొరబడి మననే బయట పెట్టవచ్చును.

వైఫై పాస్‌వర్డుకు ఎనిమిది అక్షరములకు తక్కువ ఒప్పుకొనదు. పదిహేను ఉంటే మేలు. పెండ్లి తేదీ, ఫోను నంబరు, మందిరము పేరు వద్దు. అవి ఊరిలో అందరికి తెలిసినవే. పొంతన లేని మూడు తెలుగు మాటలు ఇంగ్లీషు చిన్న అక్షరములలో కలిపి, మధ్య రెండు అంకెలు పెట్టండి. గోంగూర, నాగలి, 47, తాటాకు వంటివి. (ఇవే పెట్టుకొనవద్దు సుమా, ఈ పత్రిక మీ పొరుగువారు కూడ చదువుదురు!) అక్కడే భద్రతా రకము అడుగును. వెప్ అను పాత రకము 2001లోనే పగిలిపోయినది, దానిని ఎంచవద్దు. 2004 నుండి ఉన్న డబ్ల్యు.పి.ఏ.2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఏ.3 గాని ఎంచండి. పాత ఫోనులున్న ఇంట్లో రెండూ కలిసిన ఏర్పాటు ఉంటే అది. డబ్ల్యు.పి.ఎస్. అనే మీటను ఆపివేయండి. ఒకసారి ఇచ్చిన పాస్‌వర్డు ఫోనులలో చదరపు చుక్కల బొమ్మగా మారి చేతులు మారుచుండును గనుక ఆరు నెలలకొకసారి మార్చుట మంచిది.

మన పల్లెలో ఇంత తాళము ఎందుకని అనుకొనవద్దు. 2008 జూలై 26న అహ్మదాబాదులో బాంబులు పేలుటకు కొద్ది నిమిషముల ముందు ఒక బెదిరింపు ఈమెయిలు పంపబడినది. పోలీసులు దాని జాడ పట్టుకొని నవీ ముంబయిలో నివసించుచున్న ఒక అమెరికా దేశస్థుని ఇంటికి వచ్చారు. పంపినది ఆయన కాదు. ఆయన వైఫైకి తాళము లేకపోగా, ఎవరో దానిలోనుండి పంపినారు. అయినను కంప్యూటర్లు స్వాధీనము చేయుట, విచారణలు, అన్నీ ఆయన పడవలసి వచ్చినది. నెట్టులో జరిగిన పనికి జాడ వెదకితే ముందు కనబడేది కనెక్షను ఎవరి పేర ఉన్నదో వారి ఇల్లే.

అట్లని తలుపు బిగించుకొని కూర్చున్నామా? మోడెములో గెస్టు నెట్‌వర్కు అని ఒకటుండును, కొన్నింటిలో లేకపోవచ్చును. ఒకే పెట్టె నుండి రెండవ పేరుతో, వేరే పాస్‌వర్డుతో వచ్చే వైఫై అది. అందులోనికి వచ్చినవారు మన కంప్యూటరును, మోడెము పుటను చూడలేరు. మా పెట్టెలో దానికి సమయము, వేగము కూడ హద్దు పెట్టవచ్చును గనుక సాయంత్రము ఆరు నుండి తొమ్మిది వరకు పెట్టాము. చదువుకొనే పిల్లలు, దరఖాస్తులు నింపుకొనేవారు వరండాలో కూర్చుని వాడుకొనుచున్నారు. వారి ఫోనులలో ఈ వైఫైని మీటర్డ్, అనగా లెక్కగలది అని గుర్తు పెట్టమని చెప్పాము. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై పేరు మీద నొక్కితే ఆ ఏర్పాటు కనబడును. అప్పుడు ఫోను దొంగచాటుగా త్రాగుట చాలావరకు మానును. మొదట్లో కొందరు నొచ్చుకొన్నారు. కోశాధికారిగారు రెండు ఆదివారములు మాతో ముభావముగా ఉన్నారు. ఆయన మనుమరాలికి స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపవలసి వచ్చినప్పుడు ఆ వరండాలోనే కూర్చుని నింపించుకొని, కాఫీ త్రాగి వెళ్లారు.

చిన్న సంగతులు కొన్ని మిగిలినవి. మోడెము వెనుక గుండుసూది పట్టేంత రంధ్రములో రీసెట్ మీట ఉండును. అది ఆపి వేయుటకు కాదు. పది సెకనులు నొక్కి పట్టితే మనము పెట్టిన పేర్లు, తాళములు అన్నీ తుడిచిపెట్టుకొని కొన్ననాటి స్థితికి పోవును. పాస్‌వర్డు మరచినవారికి అదే దిక్కు. పిల్లల చేతికి అందనియ్యరాదు. ఉరుములు మొదలైనప్పుడు మీట ఆపుట చాలదు, ప్లగ్గునే గోడ నుండి ఊడదీయండి. తీగతో కంప్యూటరుకు కలిపియుంటే అది కూడ. కరెంటు పోయినప్పుడు నడుచుటకు మోడెములకని చిన్న యు.పి.ఎస్. దొరకుచున్నది. కొనునప్పుడు వోల్టుల అంకె చూచుకొనండి. మెట్ల గది వేసవిలో కాగిపోవును గనుక పెట్టె మీద గుడ్డ కప్పవద్దు. మా సతీమణి దుమ్ము పడునని కుట్టుపూల గుడ్డ కప్పినది, రెండు దినములు మధ్యాహ్నము వేళ అది వేడెక్కి ఆగిపోయినది.

ఆ అబ్బాయికి కాగితములో రెండవదిగా వ్రాసుకొన్న కళాశాలలో సీటు వచ్చినది. సెలవులకు వచ్చినప్పుడెల్ల మా మెట్ల గదికి వెళ్లి అంకె చూచి వచ్చును. పోయినసారి కిటికీ చువ్వలకు దూరముగా పెట్టెను అరడుగు పైకి జరిపి, మైనస్ 90కి తెచ్చినాడు.

వచ్చే నెల ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు పోయుట గురించి వ్రాస్తాము.